ఆరు వందల మీటర్ల దండయాత్ర

తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు మా అపార్ట్‌మెంటులో ఆరోగ్యం మేలుకుంటుంది. దానితోపాటు రెండో అంతస్తు పసిపాప, నా రక్తపోటు, రాత్రి డ్యూటీ ముగించుకొని అప్పుడే నడుం వాల్చిన నర్సమ్మ, ఎదురింటి కుక్క, ఆ కుక్కను చూసి వీధిలోని మిగతా కుక్కలు కూడా మేలుకుంటాయి. విషయం ఏమిటంటే, మా మూడో అంతస్తు యువకుడు జిమ్ముకు బయలుదేరుతున్నాడు. బుల్లెట్ మీద.

జిమ్ము మా గేటు నుంచి 600 మీటర్లు. నేను స్వయంగా అడుగులు వేసి కొలిచాను. ఇలాంటి పనులకే కదా ప్రభుత్వం మమ్మల్ని రిటైర్ చేసింది. ఎనిమిది వందల ముప్ఫై అడుగులు వచ్చాయి. ఇంత సుదూర ప్రయాణానికి కాలినడక ఏం సరిపోతుంది? అందుకే 349 సీసీ ఇంజను, ఇరవై గుర్రాల శక్తి, 195 కిలోల ఇనుము కలిసి ఒక మనిషిని మోసుకువెళ్లి, రబ్బరు పట్టీ మీద పరిగెత్తడానికి దించి వస్తున్నాయి. జిమ్ము రెండో అంతస్తులో ఉంది. అక్కడ మెట్లు ఎక్కే యంత్రం కూడా ఉందట. దాని దగ్గరకు లిఫ్టులో వెళ్తారు.

ఇంతకాలం హైదరాబాదు కేబీఆర్ పార్కు చుట్టూ నడవడానికి కార్లలో దిగే పెద్దమనుషులను చూసి నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు వాళ్లంటే గౌరవం పెరిగింది. పాపం, వాళ్ల కార్లు చప్పుడు చేయవు.

ఒకసారి మావాడు లిఫ్టులో దొరికితే, ఈ బండి ఎందుకని మర్యాదగానే అడిగాను. "ఫిట్‌నెస్ నా పంచప్రాణాలు అంకుల్, బండి నా ఆరో ప్రాణం. రెండింటినీ బ్యాలెన్స్ చేసుకోవడంలోనే ఉంది అంతా" అన్నాడు. ఒక్కొక్కరికి ఆరేసి ప్రాణాలు పంచేస్తే మిగతా అంతస్తుల వాళ్లకు ఏం మిగులుతుందని అడగబోయాను. తలుపు తెరుచుకుంది.

ఆ బండికి కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ అతనికి నచ్చలేదు. పేరులోనే సైలెన్స్ ఉన్న వస్తువును మగవాడు ఎలా భరిస్తాడు? దాన్ని పీకించి మరో గొట్టం బిగించాడు. కంపెనీ బిగించి ఇచ్చిన దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతాయి. అంటే 5 గంటల 10 నిమిషాలకు చట్టం ఇంకా నిద్రపోతూనే ఉంటుంది. మా వీధిలో ఆ సౌఖ్యం చట్టానికి ఒక్కదానికే దక్కింది.

బయలుదేరే ముందు ఇంజనుకు నాలుగు నిమిషాల వార్మప్. "వేడెక్కకపోతే పిస్టన్ పాడవుతుంది అంకుల్." తన మోకాళ్ల గురించి ఇంత శ్రద్ధ లేదు. వార్మప్ చేయకుండా బరువులెత్తితే మొన్న నడుం పట్టేసింది.

ఇక తిరుగు ప్రయాణం. దీన్ని చూడడానికే నేను ఏడింటికి పేపరు పట్టుకొని పార్కింగులో కూర్చుంటాను. సెల్లారు ఇరుకు కాబట్టి బండిని డబుల్ స్టాండు వేయాలని అసోసియేషన్ నియమం. వంద కిలోల ఇనుప కడ్డీని నేల మీద నుంచి లేపి వచ్చిన ఆ వీరుడు బండి దిగుతాడు. చేతి కండలు ఒకసారి చూసుకుంటాడు. చేతులకు జిమ్ము తొడుగులు అలాగే ఉంటాయి. ఒక చేయి హ్యాండిలు మీద, ఒక చేయి సీటు కింద వేసి, ఊపిరి బిగబట్టి, పళ్లు కొరికి పైకి లాగుతాడు. బండి కదలదు. మళ్లీ లాగుతాడు. మెడ మీద నరాలు వీణ తీగల్లా లేస్తాయి. బండి కదలదు. సౌగంధిక పుష్పం కోసం వెళ్తూ దారికి అడ్డంగా పడుకున్న ముసలి కోతి తోకను పక్కకు జరపబోయిన భీమసేనుడు సరిగ్గా ఇలాగే ఉండి ఉంటాడు. ఒక చేత్తో ఒకసారి, రెండు చేతులతో మరోసారి. గర్వభంగం మాత్రం భీముడికే అయింది, మావాడికి కాలేదు.

అప్పుడు వస్తాడు వాచ్‌మన్ తాత. వయసు అరవై దాటింది, బరువు యాభై దాటదు. ప్రొటీను డబ్బాను బియ్యం పోసుకోవడానికి ఖాళీ అయ్యాక ఇమ్మని అడిగినవాడు. బీడీ చెవి మీద పెట్టి, "జరగండి బాబూ" అని, స్టాండు కొమ్మును కాలితో నేలకు ఆనించి, దాని మీద ఒంటి బరువంతా మోపి ఒక్క తొక్కు తొక్కుతాడు. 195 కిలోలు టక్కుమని వెనక్కి జరిగి బుద్ధిగా నిలబడతాయి. "ఇది చేత్తో ఎత్తేది కాదు బాబూ, కాలితో తొక్కేది" అని తాత రోజూ చెబుతాడు. రోజూ అంటే రోజూ. మావాడు తల ఊపి, "నిన్న లెగ్ డే తాతా, కాళ్లలో బలం లేదు" అంటాడు. మంగళవారం కాళ్లు, బుధవారం వీపు, గురువారం భుజాలు. తాతకు మాత్రం వారమంతా డబుల్ స్టాండు.

ఆదివారం వేరే కథ. ఆ రోజు పన్నెండు బళ్లు కలిసి వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్తాయి. పోనూ రానూ నూట అరవై కిలోమీటర్లు. వారమంతా కోడిగుడ్డులో పచ్చసొన ఏదో మైల పదార్థమైనట్టు ఏరి పారేసిన మనిషి, దారిలో రెండు నెయ్యి కారం దోసెలు, ఒక వడ లాగిస్తాడు. తిరిగొచ్చి చేతి వాచీ చూపించాడు, ఆ రోజు పదకొండు వేల అడుగులు. కొండెక్కాడేమోనని మెచ్చుకోబోయాను. ఎక్కలేదు. హ్యాండిలు వణుకుతుంటే మణికట్టు మీది వాచీ అదంతా నడకే అనుకొని లెక్క వేసింది. "బండి నడపడం కూడా వ్యాయామమే అంకుల్, నడుం చుట్టూ ఉన్న కండరాలన్నీ పనిచేస్తాయి" అన్నాడు. ఆ లెక్కన ఎర్ర బస్సులో వెనక సీటు మీద ముప్ఫై ఏళ్లు ఉద్యోగానికి వెళ్లొచ్చిన నేను ఈ పాటికి ఒలింపిక్స్‌లో ఉండాలి.

హెల్మెట్ ఉంది. ఖరీదైనదే. మోచేతికి తగిలించుకుంటాడు. బుద్ధి తక్కువ పనులు చేస్తే మెదడు మోకాల్లో ఉందనేవారు మా పెద్దలు, మోచేతిలో ఉన్నవాణ్ణి నేను ఇప్పుడే చూస్తున్నాను. తలకు పెట్టుకుంటే మెడ కండరాలు పట్టేస్తాయట. కిలోన్నర కూడా ఉండని టోపీ మోయలేని మెడను అన్ని వేలు పోసి పెంచడం దేనికి? హెల్మెట్ పెట్టుకోక 2022లో ఈ దేశంలో 50,029 మంది చచ్చిపోయారని కేంద్ర రవాణా శాఖే అచ్చు వేసింది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. బండి మోజు వాళ్లది కూడా కాదు.

అతని తల అతని ఇష్టం అని సరిపెట్టుకుందామనుకున్నాను. మొన్న పాల పాకెట్టు కోసం ఆ వేళకే బయటికి వెళ్లకపోయి ఉంటే సరిపెట్టుకునేవాణ్ణే.

మా వీధి మలుపులో ఒక అమ్మ రోడ్డు ఊడుస్తుంది. చీకటి ఉండగానే వస్తుంది, ఒంటి మీద మెరిసే పట్టీల కోటు. మలుపులో ఫుట్‌పాత్ ఉంది, కానీ దాని మీద జిమ్ముకు వచ్చిన బళ్లు వరసగా నిలబడి ఉంటాయి కాబట్టి ఆమె రోడ్డు మీదే ఊడవాలి, నేను రోడ్డు మీదే నడవాలి. మావాడు ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో ప్రొటీను కలిపిన సీసా పట్టుకొని వచ్చాడు. ఆమె చీపురు వదిలేసి మురుగు కాలువ బండ మీదికి దూకింది. కాలు జారి మోకాలు కొట్టుకుంది. ఊడ్చి పోగు చేసిన చెత్తంతా చెదిరిపోయింది. అతను వేగం తగ్గించి వెనక్కి తిరిగి అన్న మాట ఇది: "చూసుకోవాలి కదా అమ్మా!"

ఎవరు చూసుకోవాలిరా? నాలుగింటికి లేచి నీ ఇంటి ముందు దుమ్ము ఎత్తిపోసే మనిషి చూసుకోవాలా? ఆమె పొద్దుట నుంచి ఎన్నిసార్లు వంగి లేచిందో నీ వాచీ లెక్కపెట్టిందా? నీకు గుండె బాగుండాలి, పొట్ట పలచగా ఉండాలి, భుజాలు అద్దంలో పట్టకూడదు. ఆమె మోకాలు మాత్రం ఏమైపోయినా ఫరవాలేదు. 2022లోనే ఈ రోడ్ల మీద నడుస్తూ 32,825 మంది చనిపోయారు. వాళ్లెవరూ బ్యాలెన్స్ తప్పి పడినవాళ్లు కాదు. ఆరోగ్యమట, ఆరోగ్యం! ఒక్కడి ఒళ్లు బాగుపడడానికి వీధి వీధంతా ఒళ్లు దగ్గర పెట్టుకొని నడవాలి.

ఆమె లేచి, చీర దులుపుకొని, చెదిరిన చెత్తను మళ్లీ పోగు చేసింది. నేను పాల పాకెట్టు పట్టుకొని నిలబడి ఉన్నాను. నేనూ ఏమీ అనలేకపోయాను. అది కూడా రాయాలి కదా.

నిన్న పొద్దున 5 గంటల 10 నిమిషాలకు చప్పుడు వినిపించలేదు. అలవాటు కొద్దీ మెలకువ వచ్చి కిందికి దిగాను. బ్యాటరీ చచ్చిపోయింది. కొత్త బుల్లెట్లకు కిక్కు రాడ్డు తీసేశారట. అతను బండి మీద కూర్చున్నాడు, తాత వెనక నుంచి తోస్తున్నాడు. తాత ఒక్కడే తోయలేకపోతున్నాడని నేనూ ఒక చేయి వేశాను. సెల్లారు వాలు ఎక్కించి గేటు దాకా తోశాం. దగ్గింది, తుమ్మింది, స్టార్ట్ కాలేదు. మళ్లీ వెనక్కి తోశాం. తాత కాలితో తొక్కి స్టాండు వేశాడు.

"నడిచి వెళ్లిరాకూడదా బాబూ, ఇక్కడే కదా" అన్నాడు తాత, రొప్పుతూ.

"నడిచి వెళ్తే అక్కడికి చేరేసరికే అలసిపోతాను తాతా, ఇంక వర్కౌట్ ఏం చేస్తాను?" అని, ఈ రోజుకు విశ్రాంతి అని చెప్పి, లిఫ్టు ఎక్కి మూడో అంతస్తుకు వెళ్లిపోయాడు.