టమాటా బజ్జీ ఎక్కడ తినకూడదంటే...

మొన్న మా అక్కా బావా గుంటూరు నుంచి విజయనగరం వచ్చారు. బావ బజ్జీల మనిషి, మిరపకాయ బజ్జీ గురించి అరగంట మాట్లాడగలరు. ఆయనకి మన టమాటా బజ్జీ తినిపించాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఆ సాయంత్రం వాన పడుతోంది, అక్క చేతిలో చంటిపిల్ల. బండి దగ్గర తడుస్తూ నిలబడలేరని ఊళ్లో ఒక ఏసీ హోటల్‌కి తీసుకెళ్లాను.

పింగాణీ ప్లేటులో నాలుగు వచ్చాయి. పైన మయొనైజ్ గీతలు. అడుగున టిష్యూ కాగితం నూనెకి నాని ప్లేటుకి అతుక్కుపోయింది. తుంచితే పిండి ఒక పక్క, టమాటా తొక్క ఒక పక్క. ఉల్లిపాయ ముక్కలు ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉన్నాయి. బావ ఒకటి తిని, మంచినీళ్లు తాగి, "ఏంటి బామ్మర్దీ, ఇన్నాళ్లూ చెప్పింది దీని గురించేనా?" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

బొంబాయి వాళ్లకి వడాపావ్ ఎలాగో, మన ఉత్తరాంధ్రలో సాయంత్రం పూట టమాటా బజ్జీ అలాగ. రొట్టె బదులు శనగపిండి పెంకు, లోపల కూరిన మసాలా. కాకపోతే వడాపావ్‌కి రొట్టె అండ ఉంది, కాసేపు ఆగినా తట్టుకుంటుంది. మన బజ్జీకి ఆ అండ లేదు. వాయి దింపిన క్షణం నుంచీ దాని ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. ఉప్పు తగిలిన ఉల్లిపాయ నీరు వదులుతుంది, టమాటా గుజ్జు సరేసరి. పైన పెంకు, లోపల తడి. పది నిమిషాలు గడిస్తే తడే గెలుస్తుంది. కాబట్టి నా లెక్క ఒక్కటే. మూకుడికీ మన నోటికీ మధ్య ఎక్కడ ఆలస్యం ఉందో, అక్కడ తినకూడదు.

ఏసీ హోటల్‌లో ఆ ఆలస్యం ఎక్కడెక్కడ ఉందో చూడండి. వంటగది లోపలెక్కడో ఉంటుంది. వేయించినవాడు ఒకడు, అలంకరించేవాడు ఇంకొకడు, తెచ్చేవాడు మరొకడు. మూడు చేతులు మారేసరికి మెత్తబడిపోతుంది. తప్పు వాళ్ల వంటది కాదు, ఆ పద్ధతిది. ఆ వంటగదిలో బిర్యానీ బాగుండొచ్చు, బజ్జీ మాత్రం బాగుండే దారి లేదు.

ఫోన్‌లో ఆర్డర్ పెట్టి ఇంటికి తెప్పించుకోవడం ఇంకా ఘోరం. వేడి బజ్జీని మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో పెడితే దాని ఆవిరే దాన్ని ఉడకబెడుతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. మిరపకాయ బజ్జీ విడిగా, ఉల్లిపాయ విడిగా కట్టించుకుంటే కొంత నయం. కోసి కూరిన టమాటా బజ్జీకి పార్సిల్ అన్న మాటే పనికిరాదు.

బండ్లన్నీ మంచివని కూడా నేను అనను. మధ్యాహ్నమే సగం వేయించి గుట్టగా పోసి, మనం అడిగాక మళ్లీ నూనెలో ముంచి తీసే బండ్లు చాలా ఉన్నాయి. రెండోసారి ముంచితే పైన కరకరలాడుతుంది, లోపల నూనె తాగి బరువెక్కుతుంది. నూనె సంగతి కూడా గమనించండి. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పదే పదే కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే దాన్ని ఇక వంటకి వాడకూడదని మన దేశంలో రూలు ఉంది. దాన్ని కొలిచే మీటరు మన దగ్గర ఉండదు కానీ కన్నూ ముక్కూ ఉన్నాయి. నూనె నల్లగా, జిగటగా ఉన్నా, నురగ ఎంతకీ అణగకపోయినా, పిండి వెయ్యకముందే పొగ కక్కుతున్నా అక్కణ్ణించి వచ్చెయ్యండి. బజ్జీని న్యూస్‌పేపర్‌లో పెట్టి ఇస్తే ఆకులో ఇమ్మని అడగండి. 2018 నాటి ప్యాకింగ్ నిబంధనలు న్యూస్‌పేపర్‌ని కాదంటున్నాయి. వేడి నూనెకి ఆ సిరా అంతా ఊడి మన కడుపులోకే పోతుంది.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు మా ఊళ్లో గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి దగ్గర కూడా తినొద్దంటాను. పూజారి కూర్చున్న పొడవాటి మాను, అదే సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే ఆ సాయంత్రం, ఇసకేస్తే రాలని జనంలో ఎవరి కోసం వాళ్లకి కొత్త వాయి వెయ్యడం ఏ బండివాడికీ సాధ్యం కాదు. ఆ రోజు అమ్మవారిని కళ్లారా చూసుకుని ఇంటికెళ్లండి. బజ్జీ మర్నాడు తినొచ్చు.

మరి ఎక్కడ తినాలి? నేను పేరు చెప్పను, గుర్తు చెబుతాను. మా వీధి చివర ఒక బండి ఉంది. వెళ్లగానే అతను బజ్జీ ఇవ్వడు. "ఆగండి బాబూ, ఈ వాయి దిగిపోనీండి" అంటాడు. చిన్న చిన్న టమాటాలు, గట్టిగా, కాస్త పులుపున్నవి. పిండి వేలికి అంటుకునేంత పల్చన. సోడా ఎక్కువ వెయ్యడు, వేస్తే పెంకు నూనె పీలుస్తుందని అతనికి తెలుసు. చిల్లుల గరిటెతో తీసి, నూనె ఓడ్చి, చిన్న కత్తితో నాలుగు పక్కలా గాటు పెట్టి విప్పుతాడు. లోపలి గుజ్జు చెంచాతో తీసి స్టీలు మగ్గులో వేస్తాడు. అందులోనే ఉల్లిపాయ, కొత్తిమీర, ఉప్పూ కారం, వేయించిన వేరుశనగ గుళ్లు, గుప్పెడు మురీలు. అదేనండి, గుంటూరు వాళ్ల మరమరాలు. నిమ్మకాయ పిండి టకటకమని కలిపి మళ్లీ ఆ బజ్జీలోకే కూరి చేతిలో పెడతాడు. ఉల్లిపాయ ముందే కోసి గుట్ట పెట్టడు, వాయి దిగేలోపు కోస్తాడు. మొదటి ముక్కకి నాలుక కాలుతుంది, రెండో ముక్కకి నిమ్మ పులుపు తగులుతుంది. ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి రాకపోతే అది టమాటా బజ్జీ కాదని నా అభిప్రాయం.

బావా వాళ్లు ఎల్లుండి వెళ్లిపోతారు. వాన పడినా సరే, రేపు సాయంత్రం గొడుగు పట్టుకుని ఆయన్ని ఆ బండి దగ్గర నిలబెడతాను. పాపని ఇంట్లో అమ్మ చూసుకుంటానంది, అక్క కూడా వస్తోంది.