సవరణ: టీకా బొమ్మల కథలో మూడో బొమ్మ

మొన్న పెట్టిన బొమ్మల కథలో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేయించిన రాత్రే పాప ఒళ్లు కాలిపోతుంది, అమ్మమ్మ "సూదితోనే వచ్చింది" అంటుంది. ఆ రాత్రి లెక్క తప్పు, రాసింది నేనే. వేసిన ఒకట్రెండు రోజుల్లో జ్వరం రావడం ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకాకు మామూలు. ఎంఆర్‌కు వస్తే 7 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ టీకా సమాచారంలో ఇలాగే ఉంది. హన్మకొండలో మా వాడకట్టు ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు) అక్క కూడా ఇదే చెప్పింది.

తేడా చిన్నదేం కాదు. పదో రోజు జ్వరమొస్తే ఇంట్లో టెన్షన్ పడి, 16-24 నెలల మధ్య వేయించాల్సిన రెండో డోసు ఎగ్గొట్టేస్తారు. అందుకే కొత్త బొమ్మలో, ఎన్నో రోజో తెలిసేలా, గోడకు క్యాలెండర్ గీశాం. అమ్మమ్మ మాట మాత్రం తీయలేదు, మన ఇళ్లలో అనేది అదే కదా. పాతది గ్రూపుల్లో పంపినవాళ్లు దీన్నీ పంపండి.