గడ్డి వ్యర్థం ఎప్పుడైంది?

కోతలు అయిపోయాయి. పొద్దుగూకితే చాలు, మా ఊరి పొలాల్లో మంటలు. డాబా మీద ఆరేసిన బట్టలకు నల్లటి మసి. ఫోన్ తెరిస్తే ఎవరో వీడియో పెట్టారు, 'వరి వ్యర్థాలతో కరెంటు' అని. ఆ 'వ్యర్థాలు' అన్న మాటకే నాకు ఒళ్లు మండింది.

మా తాత వడ్లు ఎంత జాగ్రత్తగా ఎత్తేవాడో గడ్డివామూ అంత జాగ్రత్తగా వేసేవాడు. ఏడాదంతా బర్రెలు తినాలి కదా. ఇప్పుడు కొట్టంలో బర్రెల్లేవు, పొలంలోకి హార్వెస్టర్ వచ్చింది. అది పోయాక మిగిలేది చెల్లాచెదురు గడ్డి, కొయ్యకాళ్లు. తర్వాతి పంటకు టైం ఉండదు, అగ్గిపుల్ల చవక. అందుకే అంటించిన రైతును నేను తిట్టను.

ఆ వీడియోలో చెప్పే గడ్డీగాదాన్నే బయోమాస్ అంటారు. కరెంటు వాళ్లకు అది కాల్చే సరుకు. జీవావరణ శాస్త్రంలో మాత్రం ఒకచోట ఉన్న చెట్టూచేమా, పశువూ, పురుగూ, మట్టిలో కంటికి కనపడని జీవులూ, అన్నింటి బరువు అది. కార్బన్ లెక్కన భూమ్మీది ఆ బరువులో ఐదింట నాలుగు వంతులు మొక్కలదే. మనుషులందరం కలిసినా పదివేలలో ఒక వంతు! అయినా పెత్తనం మనదే.

టన్ను వడ్లు పండితే దాదాపు అంతే గడ్డి వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. టన్ను గడ్డిలో నత్రజని 5 నుంచి 8 కిలోలు, పొటాషియం 10 కిలోలకు పైనే. కాలిస్తే ఆ నత్రజని దాదాపు అంతా గాలికి పోతుంది. తర్వాత యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి కూర్చునేది మళ్లీ మనమే.

ఊక సంగతి వేరు. వడ్ల బరువులో ఐదో వంతు అదే, పశువు తినదు, మిల్లులో ఎలాగూ కుప్పపడుతుంది. బాయిలర్‌లో వేయండి, బూడిద మాత్రం మా మీదికి వదలకండి. గడ్డినైతే పొలంలో ఏరాలి, కట్టలు కట్టాలి, లారీకెక్కించాలి. నిండా వేసినా బరువు తూగదు, డీజిల్ మాత్రం తాగుతుంది. థర్మల్ ప్లాంట్లలో బొగ్గుతో పాటు 5 శాతం పెల్లెట్లు, అంటే గడ్డి లాంటివి నొక్కి చేసిన గుళికలు, కలపాలని కేంద్రం 2021లో చెప్పింది. పొలంలో ఊరికే తగలబెట్టే కన్నా అది నయమే. కానీ ముందు పశువుకు, తర్వాత మట్టికి, మిగిలితేనే ఫ్యాక్టరీకి.

పోయినేడు ఎకరంన్నరలో కాల్చకుండా, గడ్డిని మట్టిలో కలిపేసే రోటవేటర్ వేయించాం. తొందరపడి వెంటనే నాట్లేశాం, గడ్డి మురగక పైరు పసుపెక్కింది. పక్క పొలం పెదనాన్న నవ్వాడు. ఈసారి ముందే నీళ్లు పెట్టి, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లి, పదిహేను రోజులు ఆగుదామనుకున్నాం. నిన్న గడ్డి కట్టల మెషిన్ అతను బేరానికొస్తే నాన్న సగం గడ్డి ఇస్తానన్నాడు. మిగతా సగం రేటు పెంచినా ఇవ్వలేదు.