మధ్యవర్తిత్వానికి చదువెందుకని మెసేజ్ పంపుతున్న మామయ్యకు

"రచ్చబండ దగ్గర మన పెద్దలు పైసా పుచ్చుకోకుండా తీర్చిన తగాదాలకు ఇప్పుడు లా కాలేజీలో ఐదేళ్ళు చదవాలట!" ఈ మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా చిన్న మామయ్య, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆ తర్వాత నాతోపాటు లాసెట్ రాసిన స్నేహితుడు. వాడు కూడా! నాలుగోసారి మళ్ళీ మామయ్యే, ఈసారి కింద దండాల బొమ్మలతో.

కింద ఇంకా చాలా ఉంది. "రాజీలు కుదిరితే లాయర్లు ఏం తింటారు?" రాజీ పత్రం రాసేది కూడా లాయరే, బాధపడకండి. "ఆడపిల్ల లా చదివితే సంబంధాలు రావు." దీనికి జవాబు చెప్పేంత ఖాళీ లేదు.

"ఐదేళ్ళు" అన్నది కూడా తప్పే. మధ్యవర్తిత్వం అందులో ఒక పేపరు. లా చదువుకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ 2020లో దాన్ని తప్పనిసరి చేసింది.

"లోక్ అదాలత్ ఇచ్చేది చిత్తుకాగితం. పైగా అప్పీలు కూడా లేదు, మోసం." చిత్తుకాగితమైతే దాని మీద అప్పీలెందుకు స్వామీ? 1987 నాటి న్యాయసేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో, సమానం. కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. మీరే ఒప్పుకుని సంతకం పెట్టాక ఇంక అప్పీలు ఎవరి మీద?

ఇక రచ్చబండ. పైసా పుచ్చుకోరా? ఇద్దరి దగ్గరా ముందే డిపాజిట్ కట్టించుకుని, ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకాలు తీసుకునే పెద్దమనుషులు ఏ ఊళ్ళో లేరు? అక్కడ తీర్పు చెప్పేది పెద్దమనిషి. మీడియేటర్ తీర్పే చెప్పకూడదు. క్లాసులో నాకు అన్నదమ్ముల గట్టు తగాదా ఇచ్చి కూర్చోబెడితే, పది నిమిషాల్లో "చెరో మూడడుగులు వదిలేయండి" అన్నాను. "నిన్నెవరు అడిగారు?" అని సార్ సున్నా వేశారు. అన్నతో విడిగా మాట్లాడి ఉంటే తెలిసేదట, అతని కోపం గట్టు గురించి కాదు, అమ్మ మందుల ఖర్చు తమ్ముడు పంచుకోకపోవడం గురించి అని.

నిజానికి ఇదంతా నవ్వుకుని వదిలేసేదాన్నే. చివరి పేరా చదివాకే ఒళ్ళు మండింది. "పక్క ఊళ్ళో పదో తరగతి పిల్లను పాడుచేస్తే పెద్దలు రెండు రోజుల్లో డబ్బులిప్పించి సర్దేశారు. కోర్టుకెళ్తే పదేళ్ళు. పరువు దక్కింది."

ఎవరి పరువండీ? ఆ పంచాయితీలో ఆ పిల్ల ఉందా? డబ్బులు ఆమె చేతికిచ్చారా? పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం కింద ఇలాంటిది తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడమే నేరం. అంటే ఇది ఫార్వర్డ్ మెసేజ్ కాదు, నేరాన్ని ఒప్పుకుంటూ ఇచ్చిన వాంగ్మూలం. దానికి మీరు దండాలు పెట్టి ముప్పైమందికి పంపారు. అత్యాచారం కేసుల్లో రాజీ మాటే ఎత్తకూడదని సుప్రీంకోర్టు 2015లో, మధ్యప్రదేశ్ కేసులో, తేల్చి చెప్పింది. పెళ్ళి చేసుకుంటానన్నా సరే. 2023 నాటి మీడియేషన్ చట్టం వెనక, మధ్యవర్తిత్వానికి పనికిరాని వివాదాలకు ఏకంగా ఒక షెడ్యూలే ఉంది. ఏది రాజీకి రాకూడదో తెలియడానికే మామయ్యా, ఆ చదువు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఇంటర్న్‌షిప్‌లో ఒక భార్యాభర్తల మీడియేషన్‌లో, వాళ్ళిద్దరూ సరేనంటే, ఓ మూల కూర్చున్నాను. అరగంట ఆమె నోరు విప్పలేదు, గాజు తిప్పుకుంటూ కూర్చుంది. నాకు సెక్షన్లన్నీ కంఠతా వచ్చు, ఆ గదిలో ఒక్కటీ పనికిరాలేదు. మీడియేటర్ మేడం "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అమ్మా?" అని అడిగారు, అంతే. అక్కడినుంచి ఆమె ఆగకుండా మాట్లాడింది. ఆ ప్రశ్న మా సిలబస్‌లో లేదు. మా తాతయ్య ఉంటే ఆయనా అదే అడిగేవాడు. (ఆమె ఏం చెప్పిందో నేను చెప్పకూడదు. రచ్చబండ దగ్గరైతే ఊరంతా వినేది.)

మామయ్యా, గట్టు పంచాయితీ కోసం వచ్చే వారం ఊరెళ్తున్నారని అత్తయ్య చెప్పింది. ఖాళీ స్టాంపు కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.