ఎకో మైకులో గొర్రె

నిన్న మా అక్క కూతురికి పేరు పెట్టే ప్రార్థన. బావగారి ఊళ్ళో, వాళ్ళింటి ముందు షామియానా. పేరు రాహేలు. పాటలయ్యాయి, పాస్టరు గారి ప్రార్థన అయింది. ఇక భోజనాలే అనుకుంటుంటే బావ మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, "మేనమామవి కదా, పేరుకి అర్థం రెండు ముక్కల్లో చెప్పెయ్" అన్నాడు. ముందు రోజే చెప్తే ఆయన సొమ్మేం పోయిందో!

"రాహేలు హీబ్రూ పేరండీ. అంటే ఆడ గొర్రె" అన్నాను.

ఇక్కడ ఆ మైకు సంగతి చెప్పుకోవాలి. పొద్దుట్నుంచి కుయ్యిమంటూ ఒక్క వాక్యం సరిగ్గా విననివ్వలేదు. పాటల కోసం పెంచిన ఎకోని తగ్గించడం సౌండు కుర్రాడు మర్చిపోయాడు. సరిగ్గా నా మాటకే దాని గొంతు బాగుపడింది. గొర్రె... గొర్రె... ర్రె... ర్రె... అంటూ షామియానా దాటింది, వంటల దగ్గర గరిటె ఆపింది, వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వెళ్ళొచ్చింది. "రాహేలు" అన్న ముక్క మాత్రం ఎటు పోయిందో తెలీదు. కుర్రాడు హాయిగా ఫోను చూసుకుంటున్నాడు.

పాప నాయనమ్మ గారు కుర్చీలోంచి లేచారు. "మా పిల్ల గొర్రెటయ్యా?"

అక్కడితో ఊరుకోవచ్చు కదా! "అది కాదండీ, బైబిల్లో, ఆదికాండం 29లో రాహేలు అనే ఆవిడ బావి దగ్గరికి గొర్రెల్ని తోలుకొస్తుంది. యాకోబు ఆవిడ కోసం 7 ఏళ్ళు చాకిరీ చేస్తే, మామ మోసం చేసి పెద్దపిల్ల లేయాని అంటగట్టాడు. మళ్ళీ ఇంకో 7 ఏళ్ళు..." మామ మోసం దగ్గర బావ గట్టిగా తలూపాడు. బావకి మామ, అంటే మా నాన్న, ముందు వరసలోనే ఉన్నాడు.

"బైబిల్లోనే యెషయా గ్రంథం 53లో, బొచ్చు కత్తిరించేవాళ్ళ ముందు మౌనంగా ఉండే గొర్రె ఉంది చూడండి, హీబ్రూలో అక్కడా ఇదే మాట" అని ముగించాను. పాప మౌనంగా లేదు. మైకు ఆ ఏడుపుకీ ఎకో ఇచ్చింది.

భోజనాల్లో మటన్ గిన్నె నా విస్తరి దాకా వచ్చి పక్కకి తిరిగిపోయింది.

ఇందాక అక్క ఫోన్ చేసింది. "అత్తయ్య గారు పేరు మార్చేద్దామంటున్నారురా. లేయా అట. దానికైనా మంచి అర్థమేగా?"

అలసిపోయినది అంటారు కొందరు పండితులు. ఆవు అంటారు ఇంకొందరు.

"బంగారంలాంటి పేరక్కా" అని పెట్టేశాను.