మన వాటా నీళ్లు బిడదిలో ఉన్నాయి

అనంతపురం జిల్లా వెనకబాటు మీద ఇన్నేళ్లలో ఎన్ని కమిటీలు వచ్చాయో లెక్క లేదు. వచ్చాయి, ఎండిన చెనిక్కాయ చేలల్లో నిలబడి ఫొటోలు దిగాయి, గెస్ట్‌హౌసులో భోంచేసి నివేదికలు రాసుకుంటూ పోయాయి. ఇక్కడ ఒక మధ్యతరగతి ఇల్లు కొన్నేళ్ల విరామం తర్వాత మళ్లీ బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న వండర్‌లా అనే వినోదాల పార్కుకు పోవాలనుకుంటే ఎంత పెద్ద పాలనా యంత్రాంగం కదలాల్సి వస్తుందో మాత్రం ఒక్క కమిటీ కూడా పట్టించుకోలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ వ్యాసం. విషయం తీవ్రమైనది కాబట్టి పాఠకులు మధ్యలో నవ్వకుండా చదవాలని మనవి.

దీన్ని విహారయాత్ర కింద జమకట్టే వాళ్లకు మన చరిత్ర తెలియదు. ఇది న్యాయంగా సాగునీటి పద్దులో రావలసిన ఖర్చు. మన జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో జైసల్మేర్ తర్వాత మనమేనని బడిలో చెప్పించుకుని, రెండో ర్యాంకు వచ్చినందుకు మురిసిపోవాలో ఏడవాలో తెలియకుండా పెరిగాం. వాన కోసం కప్పలకు పెళ్లి చేశాం. గాడిదలకు బాసికాలు కట్టి మేళతాళాలతో ఊరేగించాం. సర్కారు వారు విమానాలు లేపి మేఘమథనం కూడా చేయించారు. ఆ మేఘాలు మథనమంతా ఇక్కడ ఓపిగ్గా చేయించుకుని, బళ్లారి దిక్కు పోయి కురిశాయని మా జేజి ఈరోజుకీ అంటుంది.

ఇంత అనుభవమున్న జాతిని తీసుకుపోయి ఆ పార్కులోని రెయిన్ డాన్సు ముందు నిలబెడితే ఏమవుతుంది? ఎవడో లోపల మీట నొక్కుతాడు, వాన పడుతుంది. కప్ప లేదు, గాడిద లేదు, పురోహితుడికి దక్షిణ లేదు. పాట అయిపోగానే వాన కూడా ఆగిపోతుంది. పోయినసారి చుట్టూ అందరూ గంతులేస్తుంటే మా నాయన మాత్రం ఆ జల్లులో కదలకుండా నిలబడి, నేల వైపు చూసి, "ఇట్లాంటిది రెండు దినాలు పడితే విత్తనం ఏసుకోవచ్చురా" అన్నాడు. కింద సిమెంటు. అయినా రైతు రైతే.

ఇంకో కోణం ఉంది, అది అంతర్రాష్ట్ర కోణం. తుంగభద్ర ఎగువ కాలువలో మన రాష్ట్రం వాటా 32.5 టీఎంసీలని కాగితాల్లో ఉంది. డ్యాములో పూడిక పేరుకుంది, 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయింది. వాటా పూర్తిగా చేతికి అందడం అన్నది మన తాతల కాలం నుంచీ ఒక ఆశయం. కాలువ మన దగ్గరికి రాకపోతే మనమే కర్ణాటకకు పోయి, టికెట్టు కొని, ఆ నీళ్లలో మునిగి, తడిసిన జుట్టుతో తిరిగొస్తే తప్పేముంది? తలకు ఒక చెంబెడు లెక్కన తెచ్చుకున్నా ట్రిబ్యునళ్ల కంటే త్వరగా తేలుతుంది. ఈ పద్ధతిని జలవనరుల శాఖ ఎందుకు పరిశీలించలేదో నాకు అర్థం కాదు.

ఇక ప్రణాళిక. మా ఇంట్లో ఈ ప్రయాణానికి జరిగినన్ని శంకుస్థాపనలు హంద్రీ-నీవా సాగునీటి పథకానికి కూడా జరగలేదు. ప్రతి ఎండాకాలం "ఈసారి కచ్చితంగా" అనే రాయి ఒకటి వేస్తాం, దసరాకల్లా దాని మీద గడ్డి మొలుస్తుంది. 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు మాకు మొదటిసారి గౌరవప్రదమైన కారణం దొరికింది. తలుపులు తెరుచుకున్నాక కూడా ఆ కారణాన్నే కొన్నాళ్లు జాగ్రత్తగా వాడుకున్నాం. ఇప్పుడు పిల్లాడు సమాచార హక్కు చట్టం చదివిన వాడిలా తేదీ అడుగుతున్నాడు.

మొదటి సభలోనే ప్రాంతీయ విభేదాలు బయటపడ్డాయి. హైదరాబాదులో ఉండే మా బామ్మర్ది ఫోను చేసి, "బావా, ఈడ రావిర్యాలలో 2016 నుంచీ ఉంది గదా, ఈ పక్కకు రాండి" అన్నాడు. బామ్మర్ది ఇంట్లో దిగితే లాడ్జి ఖర్చు మిగులుతుంది నిజమే, కానీ వాళ్ల ముగ్గురు పిల్లల టికెట్లు మనమే తీయాల్సొస్తుందని ఆర్థిక శాఖ, అంటే మా ఇంటావిడ, సొంత తమ్ముడనే మొహమాటం లేకుండా తేల్చేసింది. 2025 డిసెంబరులో చెన్నై దగ్గర కూడా ఒకటి తెరిచారు. అది ఇంకా కొత్త, జనం దిగబడతారు. కాబట్టి పాతదీ, తెలిసినదీ, 2005 నుంచీ మైసూరు రోడ్డు మీద నిలబడి ఉన్నదీ అయిన బిడదే ఖాయమైంది. ఈ పార్కుల వెనకున్న పెద్దమనిషి కొచౌసేఫ్ చిట్టిలపిళ్లి మొదట వీ-గార్డ్ స్టెబిలైజర్లు చేసి అమ్మాడు. ఇంట్లో కరెంటు ఎగుడుదిగుడు లేకుండా నిలకడగా ఉండాలని దేశానికి నేర్పినవాడే, 2000లో కొచ్చిలో మొదలుపెట్టి, మనుషులను కిందా మీదా చేసే యంత్రాలు పెట్టాడు. రెండు వ్యాపారాలకూ గిరాకీ ఉండటం గురించి ఆర్థికవేత్తలు రాయాలి.

దారి సంగతి. పోయినసారి మారూరు టోల్‌గేటు దగ్గర చిల్లర కోసం కారు సీట్ల సందుల్లో వెతుక్కున్నాం. 2021 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కాబట్టి ఈసారి డబ్బు పోవడం కంటికి కనపడదు, ఫోనుకు మెసేజి మాత్రమే వస్తుంది. బాధ తగ్గించడంలో ఇదొక పురోగతి. అప్పట్లో పెనుకొండ, కియా కార్ల ఫ్యాక్టరీ, కొడికొండ చెక్‌పోస్టు అన్నీ మన జిల్లాలోనే. సరిహద్దు దాటేదాకా సొంత కలెక్టరు పాలనలో ఉన్నామన్న ధైర్యం ఉండేది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. ఇప్పుడు బాగేపల్లి చేరకముందే ఒక పరాయి జిల్లా దాటాలి. అవతల బిడది ఉన్న రామనగర కూడా ఊరుకోలేదు, 2025లో బెంగళూరు దక్షిణ జిల్లా అని పేరు మార్చుకుంది. మనం ఇంట్లో కూర్చుని ఆలోచిస్తున్నంత సేపట్లో బయలుదేరే జిల్లా చిన్నదైంది, చేరే జిల్లా పేరు మారింది. విజయనగర రాజులు ఎండాకాలం విడిదికి పెనుకొండ వచ్చేవాళ్లంటారు. మనం ఎండాకాలం వస్తే పెనుకొండ దాటి పారిపోతున్నాం.

అసలు సంక్షోభం ఎత్తు దగ్గర వచ్చింది. ఆ పార్కు రాజ్యాంగంలో చిన్నవాళ్లకు వయసు లేదు, కొలతే ఉంది. 85 సెంటీమీటర్ల లోపు ఉచితం. 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు. అది దాటినవాడు ఓటు హక్కు లేని పెద్దమనిషి. మావాణ్ని వాకిలి గడపకు ఆనించి, టైలరు టేపుతో కొలిచాం. 141.

"జుట్టు అణిచిపెట్టి మళ్లా కొలువు" అంది ఆర్థిక శాఖ.

అణిచినా 141.

"తిరుపతికి పోయి గుండు కొట్టించుకోని, అట్లనే పార్కుకు పోతే సరి. పుణ్యమూ వస్తుంది, సెంటీమీటరూ కలిసొస్తుంది" అంది జేజి. సలహాలో తప్పు లేదు. తిరుపతి పోయిరావడానికి అయ్యే ఖర్చు టికెట్టు తేడా కంటే ఎక్కువని తేలాక ప్రతిపాదనను గౌరవంగా పక్కనపెట్టాం. పిల్లాడు మాత్రం ఆ రోజంతా మునివేళ్ల మీద నడిచాడు. ఎత్తు తక్కువని పోయినసారి తిప్పిపంపిన ప్రతి రైడు పేరూ వాడికి కంఠతా వచ్చు. దేశంలో ఎవరికైనా పగ అంత వివరంగా గుర్తుండటం నేను మా సీమలోనే చూశాను.

పిల్లలకు గోడ మీద గీత పెట్టారు, బాగుంది. పెద్దలకు మాత్రం బోర్డు పెట్టారు. గుండె జబ్బు, బీపీ, నడుమునొప్పి, మెడనొప్పి ఉన్నవాళ్లు ఎక్కరాదు అని. పోయినసారి ఇదెవరి కోసం రాశారబ్బా అనుకుంటూ దాటిపోయాను. ఇప్పుడు ఫోనులో అదే బోర్డు చదివితే మా ఇంటి రేషన్ కార్డు చదివినట్టుంది. రీకాయిల్ అని ఒకటుంది. బండి ముందుకు దూసుకుపోయి, గుండ్రంగా పల్టీ కొట్టి, పట్టాలు అయిపోయేదాకా పోయి, మళ్లీ అదే దారిన వెనక్కి పల్టీ కొడుతూ బయలుదేరిన చోటికే వస్తుంది. మా జిల్లా ప్రాజెక్టులను దగ్గరగా గమనించిన వాళ్లకు ఈ గమనం కొత్త కాదు, వేగమే కొత్త.

ప్రతి కుటుంబంలోనూ సంచుల కాపలా అనే పదవి ఒకటి ఉంటుంది. అందరి చెప్పులు, ఫోన్లు, కళ్లద్దాలు ఒళ్లో పెట్టుకుని, పైన అరుస్తున్న వాళ్లలో మనవాళ్లెవరో పోల్చుకోవడం ఆ పదవి విధి. పోయినసారి అది మా నాయనది. ఈసారి వంశపారంపర్యంగా నాకు సంక్రమించిందని ఇంట్లో గెజిట్ అయిపోయింది. నాయన మాత్రం, "నాకు మోకాళ్లే బాగలేవు, బీపీ నీకు గదా" అని రీకాయిల్ ఎక్కే జాబితాలో తన పేరు రాయించుకున్నాడు. అరవై దాటినవాళ్లకు టికెట్టులో రాయితీ ఉండటంతో ఆర్థిక శాఖ కూడా ఆయన పక్షమే. తక్కువ పెట్టుబడికి ఎక్కువ ఉత్పత్తి.

టికెట్టు మీద పన్ను గురించి ఒక్క మాట. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఇలాంటి పార్కులను 28 శాతంలో, సిమెంటు పక్కన కూర్చోబెట్టారు. 2018 జనవరిలో 18కి దించారు. మనిషి సంతోషం సిమెంటు కంటే కొంచెం తేలికని కేంద్రం ఒప్పుకోవడానికి ఆరు నెలలకు పైనే పట్టింది.

బట్టల దగ్గర నాకు నిజంగానే కడుపు మండింది. నీళ్లలోకి నూలు బట్టతో దిగనివ్వరు, నైలానో మరో సింథటిక్కో ఉండాలి. నూలు పోగులు ఊడి ఫిల్టర్లకు అడ్డం పడతాయని కారణం, అది న్యాయమే. అయినా ధర్మవరం మగ్గాల చప్పుడు వింటూ పుట్టినవాళ్లం, బీరువాల నిండా పట్టు పెట్టుకుని, బిడదికి పోయి జారిపోయే నైలాను నిక్కరు కొనుక్కోవడమేమిటి? నాయన పంచె మీదనే దిగుతానంటాడు. జేజి నీళ్లలోకే దిగనంటుంది, కానీ చీర కట్టుకుని గట్టున నిలబడి అలలు తన పాదాల దాకా రావాలంటుంది. గోడ వెనక గాలి కొట్టి లేపే అలలకు వయసు మీద గౌరవం ఉంటుందో లేదో చెప్పలేం.

తిండి విషయంలో జేజి వాదన ముందు నా దగ్గర జవాబు లేదు. బయటి తిండి లోపలికి రానివ్వరని చెబితే, "మనింట్లో చేసిన ఓళిగలు బయటి తిండెట్లయితుందప్పా? వాళ్లు అమ్మేది బయటి తిండి" అంది. ఈ చట్టపరమైన చిక్కు తేలేదాకా చిత్రాన్నం, ఓళిగలు, ఉడకబెట్టిన చెనిక్కాయలు కారు డిక్కీలో ఉంచి, మధ్యాహ్నం పార్కింగు స్థలంలో సర్వసభ్య సమావేశం జరపాలని నిర్ణయించాం. పొద్దున టిఫినుకు బిడది తట్టె ఇడ్లీ. దాని మీద మాత్రం మొదటి నుంచీ ఏ పక్షానికీ అభ్యంతరం లేదు.

తేదీ కుదిరింది. కారు టైర్లలో గాలి చూపించాం. మర్నాడు తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే హెబ్బాళ దగ్గర ట్రాఫిక్కు తప్పుతుందని లెక్క వేశాం. రాత్రి భోజనాలయ్యాక పిల్లాడు ఫోను చూసి, రేపు బెంగళూరు చుట్టుపక్కల గట్టి వాన పడే సూచన ఉందన్నాడు.

"వానలో ఎట్ల పోతాం? పిల్లోడు తడిసి జలుబు చేస్తే?" అంది ఆర్థిక శాఖ.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. టికెట్లు ఇంకా తీయలేదు కాబట్టి ఖజానాకు నష్టం లేదు. వండిన చిత్రాన్నం రాత్రికే పక్కింటి వాళ్లకు పంపిణీ అయింది. నాయన మాత్రం మంచం మీద నుంచే, ఆ వాన ఇటుపక్కకు ఏమన్నా వస్తుందేమో చూడమన్నాడు. పిల్లాడు పటాన్ని వేలితో పైకీ కిందికీ జరిపి చూసి, కొడికొండ దగ్గర ఆగిపోతుందని చెప్పాడు.