మణికట్టు మీది దొరగారికి మనవి

మహారాజశ్రీ పరుగు వాచీ గారి సముఖానికి,

ఎండాకాలంలో రెండు గంటలు పరుగెత్తొచ్చి చొక్కా పిండుకుంటున్నవాళ్ల ముఖాన తమరు ‘ఫలితం లేదు’ అని చూపిస్తారే, ఆ తీర్పు మీద ఈ అప్పీలు.

తమరి లెక్క తెలుసు. కిలోమీటరుకు 6 నిమిషాలు పట్టేది 6:40 పట్టింది, గుండె మాత్రం నిమిషానికి 15 సార్లు ఎక్కువ కొట్టుకుంది. కాబట్టి మనిషి చెడ్డాడు. కాగితం తప్ప పొలం చూడని కరణం కూడా ఇలాగే రాస్తాడు. పరుగుకు ఖర్చయ్యే శక్తిలో ముప్పాతిక వంతు వేడే అవుతుంది. దాన్ని బయటికి పంపడానికి చర్మం రక్తం అడుగుతుంది, కాళ్లూ అడుగుతాయి. పైగా చెమట పోయేకొద్దీ రక్తంలో నీరు తగ్గి, అదే వేగానికి గుండె ఇంకా ఇంకా ఉరకాలి. తెలిసినవాళ్లు దీన్ని కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు. తమరు బద్ధకం అంటారు. ఒళ్లు ఎండకు అలవాటుపడే మొదటి 10, 14 రోజులూ తమరు చీవాట్లే పెడతారు, ఆ రోజుల్లోనే ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, పెరిగి, చెమట త్వరగా పట్టి, అందులో ఉప్పు తగ్గుతుంది. దానికి తమ దగ్గర గడి లేదు.

అసలు ఆ గుండె లెక్కయినా నిజమేనా? పట్టీ చెమటకు జారితే అడుగులు లెక్కపెట్టి, గుండె 176 అని ప్రకటిస్తారు. మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన బిగించి కట్టాకే తమరికి బుద్ధి వస్తుంది. అంతకంటే నోరు నయం: పూర్తి వాక్యం పలకగలిగితే వేగం సరే, మాట తెగితే ఒక నిమిషం నడక.

ఇక ప్రతి 15 నిమిషాలకూ ‘నీళ్లు తాగు’ అని కుయ్యిమంటారు, అందరికీ ఒకటే కొలత. లెక్క ఇలా చెయ్యాలి: పరుగుకు ముందు బరువు 64 కిలోలు, వచ్చి ఒళ్లు తుడుచుకున్నాక 62.9, మధ్యలో తాగింది 600 మిల్లీలీటర్లు. రెండు గంటల్లో చెమటగా పోయింది 1.7 లీటర్లు, అంటే గంటకు 850 మిల్లీలీటర్లు. అదంతా తాగక్కర్లేదు, బరువు 2 శాతానికి మించి పడిపోకుంటే చాలు. బరువు పెరిగిందా, అదే ప్రమాదం: రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు. టోపీ మీద తెల్లచారలు కట్టేవాళ్లకు ఉప్పు కూడా కావాలి. (1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథాన్‌లో నీళ్లు బిగబట్టి చూశారు. 32 మంది బయల్దేరితే 14 మంది చేరారు. తమరిది దానికి తిరగేసిన పిచ్చి.)

ఒక్క చోట మాత్రం వ్యంగ్యం పనికిరాదు. ఎండలో వణుకు పుట్టినా, మాట తడబడినా ‘ఇంకా 3 కిలోమీటర్లు’ అని తమరు మోగుతూనే ఉంటారు. అక్కడే ఆగాలి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోయాలి, తికమక పడుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సుఖం ఎక్కడుందంటారా? వెనకగాలి మన వేగంతోనే వస్తే ఒంటికి గాలే తగలదు, ఆవిరి కుండలో ఉన్నట్టుంటుంది. అందుకే వెళ్లేటప్పుడు వెనకగాలి, వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉండే దారి ఎంచుకుంటాం. ఆ మలుపు తిరగగానే తడిచొక్కా మీద గాలి కొడుతుంది చూడండీ! మొదటి 20 నిమిషాల విసుగు, బరువెక్కిన బూట్లు, అన్నీ ఆ మలుపు కోసమే. తమరి పటంలో అది ఉత్త వంపు.

కాబట్టి పరుగు ముగిసేదాకా తమరిని చేతిపట్టీ కింద కప్పేస్తున్నాం. గంటలు లెక్కపెట్టండి, చాలు. తెల్లవారుజామున 4:30కి లేపే ఉద్యోగం మాత్రం తమరిదే.

ఇట్లు,
తమకు రోజూ చార్జింగు పెట్టే విధేయులు

తాజా కలం: ఈ ఉత్తరం రాస్తూ చేతులూపినందుకు తమరు 212 అడుగులు కలిపేశారు. ఉంచుకోండి.